తూటా మెడకు బలపం

కొండగాలి...

సాయంత్రం నల్లమల మీంచి దిగి వస్తుంది. చల్లబడిన రాతి వాసన, వెదురు పొదల వాసన మోసుకొస్తుంది. పొద్దున మళ్లీ కొండెక్కుతుంది. ఎక్కేటప్పుడు ఉత్త చేతులతో పోదు — చేలో గింజ నిండిన వేరుశెనగ వాసన మూట కట్టుకుని పోతుంది.

కొండ మీద పందులు ముక్కులెత్తుతాయి.

వాటికి కబురు అందిపోయింది.

గిద్దలూరికి పడమరన, అడవి అంచున ఉన్న ఆ పల్లెలో యేసుమణికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లోంచి చేలోకి. చేలోంచి ఇంట్లోకి. ఒక మొక్క పీకి కాయ చిదిమి చూస్తుంది. పాలు తగ్గాయి, గింజ గట్టిపడింది. ఇంకొన్నాళ్లు. ఇంకొన్నాళ్లు ఆగితే పీకేయొచ్చు.

ఆ చేను వాళ్లది.

ఈ మాట ఆమె రోజుకోసారైనా పైకి అనుకుంటుంది. వాళ్లది! మద్రాసు సర్కారుకు దరఖాస్తు మీద దరఖాస్తు పెడితే, తాలూకా కచేరీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే, ఆఖరికి చేతికొచ్చిన నేల. నేలంటే ఏం నేల... రాళ్లు. తాతల నాటి నుంచి ఒకరి చేలో కూలికి వంగిన నడుములు మొదటిసారి తమ చేలో వంగి ఆ రాళ్లు ఏరాయి. ఏరి గట్టు మీద పోస్తే మనిషెత్తు కుప్ప లేచింది. రాళ్లు లేచిన చోట వేరుశెనగ వేశారు.

పోయినేడు ఆ పంటను పందులు తినిపోయాయి. పోతూ పోతూ యేసుమణి నాయన ఇశ్రాయేలు తొడ చీల్చిపోయాయి.

ఇశ్రాయేలు దగ్గర తుపాకి ఉంది. కూలికి పోయే ఇంట్లో తుపాకి ఏమిటని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకున్న తుపాకి. రైలు దారి పనులు చూసే దొర వెంట అతను ఏళ్ల తరబడి వేటకు పోయాడు. దొర సీమకు వెళ్లిపోతూ దాన్ని అతనికి వదిలాడు. పందుల బెడద ఉన్న పల్లె కనుక లైసెన్సు కూడా ఇప్పించాడు. ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే పాత రకం. కింద పిడి లాగితే నోరు తెరుస్తుంది, కాలిన ఇత్తడి గొట్టాన్ని బయటికి ఉమ్మేస్తుంది.

ఆ గొట్టాన్ని ఎవరూ పారేయరు. కాలినప్పుడు దాని మెడ ఉబ్బుతుంది. ఉబ్బిన మెడను ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్లీ సన్నం చేయాలి. మళ్లీ మందు పోయాలి. మళ్లీ సీసపు గుండు కూర్చాలి. మెడ అచ్చులో ఇరుక్కోకుండా, గుండు మెడలోకి నునుపుగా దిగేలా — లోపలా బయటా ఏదో ఒకటి పూయాలి.

ఏదో ఒకటి...

చిక్కంతా అక్కడే వచ్చింది.

దొర ఉన్నన్నాళ్లు డబ్బాలో నల్లటి పొడి ఒకటి ఉండేది. అది అయిపోయింది. అదేం పొడో అడుగుదామంటే దొర లేడు. ఇశ్రాయేలు తల గోక్కుంటూ కూర్చుంటే, ఇల్లాలు మగ్దలీనమ్మ ఆముదం గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

మగ్దలీనమ్మకు ఆముదం అంటే ప్రాణం. తలకు ఆముదం. కాళ్ల పగుళ్లకు ఆముదం. బండి ఇరుసుకు, తలుపు గడియకు, పసిబిడ్డ బొడ్డుకు ఆముదం. కిర్రుమన్నది ఏదైనా సరే, మనిషైనా సరే, ఆమె గిన్నె పట్టుకుని బయల్దేరుతుంది. అలాంటి ఇంట్లో తూటా మెడకు ఇంకేం పూస్తారు?

పూశారు. బాగానే పనిచేసింది. వారం తిరక్కుండా కాల్చేసిన తూటాలన్నీ బాగానే పేలాయి.

కానీ రెండు తూటాలు ఎండాకాలమంతా గూట్లో పడుకున్నాయి.

పోయినేడు పంది ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు ఇశ్రాయేలు చేతికి వచ్చింది వాటిలో ఒకటి. గురి చూశాడు. మీట నొక్కాడు.

తుస్సు.

ఉరమాల్సిన తుపాకి పచ్చికట్టెలా తుస్సుమంది. పంది మాత్రం ఆగలేదు.

గాయం మానింది. కాలు కుంటిగా నిలబడింది. అతనిలో ఇంకేదో మాత్రం లేచి నిలబడలేదు. తుపాకి వైపు కన్నెత్తి చూడడు. చేలో రాళ్ల కుప్ప దాటి ముందుకు పోడు. నవ్వడు. ఇంటికి వచ్చిన వాళ్లు ఏం జరిగిందని అడిగితే ఒక్క మాటే — అది నన్ను మోసం చేసింది. మనిషిని గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా యేసుమణి లేచి చేలోకి పోయేది. భర్త ఆశీర్వాదం దొనకొండ రైలు పనిలో ఉన్నాడు. మీ నాయనను చూసుకో, పంట ఇంటికి చేరినాక రా, అని అతనే ఆమెను పుట్టింటికి పంపించాడు. ఆమె వచ్చింది. నాయన ఉన్నాడు. కానీ ఆమె ఎరిగిన నాయన లేడు.

ఈ ఏడు మళ్లీ పంట నిండింది.

మళ్లీ గాలి కబురు మోసింది.

తెల్లారి వెళ్లి చూస్తే చేను ఒక మూల నాగలి పెట్టినట్టు ఉంది. మొక్కలు వేళ్లు పైకెత్తి పడి ఉన్నాయి. పొట్టు తప్ప గింజ లేదు.

"సంత నాడు గిద్దలూరు పోతా," అన్నాడు ఇశ్రాయేలు. "పోలీసు స్టేషన్లో తుపాకి అప్పజెప్పి వస్తా. ఇంక ఈ ఇంట్లో దాని మాట ఎత్తొద్దు."

"పందులు దిగతాండాయి గదా నాయనా?"

"దిగనీ. డప్పు కొడదాం."

డప్పు! ముందు రోజు సాయంత్రం గొంతులు పోయేలా అరుస్తూ డప్పు కొట్టారు. పందులు తాపీగా తిన్నాయి. పెళ్లి భోజనానికి మేళంతో పిలిచినట్టు తిన్నాయి.

యేసుమణి ఇక ఆగలేకపోయింది.

నాయన చేను వైపు వెళ్లగానే గూట్లో చేయి పెట్టింది. పోయినేటి తూటా ఇంకొకటి మిగిలి ఉంది — ఆ తుస్సుమన్నదానికి తోడబుట్టింది. చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూర్చుని తూటాలు కట్టడం చూసిన కళ్లు ఆమెవి. పట్టకారుతో గుండు లాగింది. గొట్టం తలకిందులు చేసింది. మందు ఇసుకలా రాలాలి.

రాలలేదు.

పుల్లతో కదిపింది. ముద్ద పడింది. నల్లగా, జిగటగా, చిక్కుడు గింజంత ముద్ద. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆముదం.

గుండె ఝల్లుమంది. మెడలోపల పూసిన ఆముదం ఎండలకు పలుచబడి మెల్లగా, చుక్క చుక్కగా, మందులోకి దిగింది. తుపాకి మోసం చేయలేదు! నాయన గురి తప్పలేదు! ఎవరి పాపమూ కాదు, ఏ శాపమూ లేదు... ఆముదం! కేకేయాలనిపించింది ఆమెకు. కేకేయబోయి వెనక్కి తిరిగింది.

తల్లి నిలబడి ఉంది. ఆమె ముక్కుకు ఆ వాసన చెప్పాల్సిన పని లేదు.

మగ్దలీనమ్మ కూతురి అరచేతిలోని ముద్దను చూసింది. తన ఆముదం గిన్నెను చూసింది. గిన్నె తీసి అటక మీద పెట్టి, కొట్టంలోకి వెళ్లి గేదె పక్కన కూర్చుంది. యేసుమణి కేక గొంతులోనే ఉండిపోయింది.

అయినా కాలు నిలవదే!

ఏదీ పూయకపోతే? ఖాళీ గొట్టం ఒకటి అచ్చులోకి నొక్కింది. కిర్రుమంది. ఇరుక్కుంది. బలం కొద్దీ లాగితే మెడ చిరిగి చేతికొచ్చింది. ఉన్నవే కొన్ని గొట్టాలు. అందులో ఒకటి పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంది. ఇంకొకటి తీసింది.

ఆ పొద్దే కొండ దిగి మల్లేశ్వరమ్మ వచ్చింది. అడవిలో ఉండే మనిషి, తేనె, మైనం ఇచ్చి జొన్నలు తీసుకుపోతుంది. యేసుమణి అవస్థ చూసి నవ్వింది.

"మైనం పూయి చెల్లే. మావోళ్లు వింటినారికి అదే పూస్తారు. వానకు గూడా చెడదు."

మైనం! పూసింది. నొక్కింది. మెడ అచ్చులోకి హాయిగా దిగింది. యేసుమణి ఎగిరి మల్లేశ్వరమ్మను వాటేసుకుంది. ఆమె దోసిట్లో జొన్నలు రెండింతలు పోసింది. తర్వాత, ఎందుకైనా మంచిదని, గొట్టాన్ని నట్టనడి ఎండలో బండ మీద పెట్టింది.

కరిగింది.

మైనం కరిగి మెడలోంచి లోపలికి జారింది, ఆముదం జారినట్టే. మైనం మంచిదే. మార్కాపురం, గిద్దలూరు ఎండలే మంచివి కావు.

ఎండకు కరగనిది కావాలి. జిడ్డు లేనిది కావాలి. అయినా జారేది కావాలి. అలాంటిది లోకంలో ఉందా? బూడిద పూసింది, గరగరలాడింది. పిండి పూసింది, ఉండ కట్టింది. సంత దగ్గరికి వస్తోంది. పందులు రెండో మూల తవ్వాయి. అన్నం ముందు కూర్చుంటే అదే ఆలోచన. నీళ్లు చేదుతుంటే అదే ఆలోచన. దేవుడి ముందు కళ్లు మూసుకుంటే... ప్రభువా క్షమించు, అదే ఆలోచన.

ఆ మధ్యాహ్నం ప్రార్థన గుడి వసారాలో ఆడవాళ్లకు అక్షరాలు చెప్పే వేళ. చెప్పేది ఎలీషబా. ఊరూరూ తిరిగి బైబిలు చదివి వినిపించే పెద్దావిడ. అందరి ఒళ్లలో మార్కాపురం పలకలు, అందరి చేతుల్లో బలపాలు. యేసుమణి మనసు అక్కడ లేదు. రాసిందే రాసింది. చెరిపిందే చెరిపింది. పలక పైకెత్తబోయింది.

జర్రున జారి ఒళ్లో పడింది.

మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది.

"ఏందే యేసుమణీ, చేతులకు ఎన్న పూసుకొచ్చినావా?" అంది ఎలీషబా. అందరూ గొల్లుమన్నారు.

యేసుమణి నవ్వలేదు. తన వేళ్ల వైపు చూసుకుంది.

వెన్న లేదు. నూనె లేదు. తెల్లగా పొడి... బలపం పొడి. వేలికి వేలు రాసి చూసింది. జారింది. జిడ్డు లేదు. తడి లేదు. ఎండలో పెట్టినా రాయి రాయే, కరిగేదేముంది? అయినా జారుతోంది! పట్టులా జారుతోంది!

ఒక్క ఉదుటున లేచింది. పలక కింద పడింది.

"యాడికే? పాఠం కాలా!"

"నా పాఠం అయిపోయింది పెద్దమ్మా!"

అంతటితో పోయిందా? రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. ఒక్కొక్కరి చేతిలో బలపం ముక్క లాక్కుంది. ఈ పిల్లకు గాలి సోకిందని ఒకావిడ, కడుపుతో ఉందేమో, మట్టి తినబుద్ధవుతోందేమోనని ఇంకొకావిడ. ఏమైనా అనుకోనీ! కొంగులో బలపం ముక్కలు గలగలమంటుంటే, ఎండ నెత్తిన మాడ్చేస్తుంటే, యేసుమణి పరుగెత్తింది. ఊరి కుక్కలు కూడా వెంట పరుగెత్తాయి.

రోట్లో పోసి నూరుతుంటే వెనక నుంచి ఒక చేయి వచ్చి పొత్రం పట్టుకుంది.

"ఇటియ్యి. నీకేం తెలుసు నూరేది?"

మగ్దలీనమ్మ. ఆ ముద్దను చూసిన రోజు నుంచి ఆమె నోరు విప్పడం ఇదే. కూర్చుని నూరింది. చెమట పొడిలో పడకుండా మాటిమాటికీ నుదురు తుడుచుకుంటూ నూరింది. పెట్టెలోంచి తన తెల్లటి పెళ్లి చీర తీసింది. దాని చెంగులో పోసి జల్లించింది. ఒకసారి కాదు, మళ్లీ, మళ్లీ... వేళ్ల మధ్య ఉందో లేదో తెలియనంత మెత్తన అయ్యేదాకా.

యేసుమణి గొట్టం మెడను ఆ పొడిలో ముంచింది. తిప్పింది. లోపల కోడి ఈకతో పూసింది. అదనంగా ఉన్నది ఊదేసింది. అచ్చులో పెట్టింది.

ఊపిరి బిగబట్టింది.

నొక్కింది.

సుయ్...

ఏ చప్పుడూ లేదు, ఏ పట్టూ లేదు. దిగింది! లాగితే వచ్చింది! మెడ సన్నగా, గుండ్రంగా, చెక్కు చెదరకుండా తళతళలాడింది. గుండు పెట్టి ఒత్తితే అది కూడా మెత్తగా కూర్చుంది. ఇంకొకటి చేసింది. అదీ దిగింది. యేసుమణికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందు రావాలో తెలియక రెండూ కలిసి వచ్చాయి. తల్లి మెడ పట్టుకుని ఊపేసింది. "వదలవే, పొడి ఒలుకుతాది!" అంటూనే మగ్దలీనమ్మ కళ్లు ఒత్తుకుంది.

కట్టిన తూటా ఒకటి మర్నాడు పొద్దంతా బండ మీద మాడింది. యేసుమణి దాని చుట్టూ తిరిగింది. సాయంత్రం కాకముందే దాన్ని విప్పింది. మందు ఇసుకలా రాలింది. గలగలా రాలింది.

"నాయనా, ఇట్ల రా."

"ఏంది?"

"రా అంటాంటే."

పెంకులో నిప్పు ఉంది. ఒక ఆకులో పోయినేటి ముద్ద. ఒక ఆకులో ఈ పొడి మందు, చిటికెడు. ముద్దను నిప్పు మీద వేసింది. తుస్సుమంది. పొగ వచ్చింది. ఆ చప్పుడుకు ఇశ్రాయేలు చేయి తెలియకుండానే తొడ మీదికి పోయింది. రెండోది వేసింది.

భగ్గుమంది!

మగ్దలీనమ్మ కెవ్వుమంది. కోడి గోడ దూకింది. ఇశ్రాయేలు మాత్రం కదల్లేదు. ఆ పెంకు వైపే చూశాడు. వంగి ఆ ముద్ద మిగిల్చిన మసిని వేలితో తీసి వాసన చూశాడు.

"ఆముదమా?"

యేసుమణి తల వంచుకుంది.

"నేనే ఇచ్చినా," అంది మగ్దలీనమ్మ. "నేనే నీ ముందర పెట్టినా."

ఇశ్రాయేలు ఆమె వైపు చూశాడు. "పెట్టినావులే. పూసింది నేను గదా?"

అంతే అన్నాడు. కర్ర తీసుకుని వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. తుపాకి మాట ఎత్తలేదు. సంత మాట ఎత్తలేదు. తెల్లారితే సంత. యేసుమణి గుమ్మంలో నిలబడి అతని వీపునే చూస్తోంది. ఏమైనా అను నాయనా... తిట్టైనా తిట్టు...

కొండగాలి దిగింది.

చల్లగా, రాతి వాసనతో దిగి వాకిలి దాటి పోయింది. ఇశ్రాయేలు తల ఎత్తాడు. కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమె పక్కనుంచే పోయి, మూలనున్న తుపాకి మీద గోనె తీశాడు. ఏడాది దుమ్ము పంచె చెంగుతో తుడిచాడు. తుపాకి గొట్టంలోకి కన్ను పెట్టి చూశాడు.

"అమ్మీ, రాళ్ల కుప్ప కాడికి పోదాం పా. నువ్వు కట్టినవి తీసుకో."

రాళ్ల కుప్ప వెనక కూర్చున్నారు. పొద్దు కొండ వెనక్కి దిగింది. వెలుగు ఇంకా ఉంది. ఎక్కడో గిద్దలూరు వైపు రైలు కూసింది. గాలి కొండ మీంచి వాళ్ల ముఖాల మీదికి వీస్తోంది. పందులకు వాళ్ల వాసన పోదు. యేసుమణికి భయం ఉంది. భయం కంటే పెద్దది ఇంకొకటి ఉంది. పండగ ముందు రోజు పసిపిల్లకు ఉండేలాంటిది. ఆమె ఒళ్లో తూటాలు, మెడల మీద ఇంకా తెల్లటి పొడి.

కంప కదిలింది.

ముందు చెవులు. తర్వాత ముక్కు. తర్వాత మొత్తంగా, మనిషి నడుమంత ఎత్తున, బురద పట్టిన మగపంది. చేలోకి వచ్చింది. దాని వెనక కంపలో ఇంకా కదలిక.

ఇశ్రాయేలు తుపాకి భుజానికి ఎత్తాడు. తుపాకి కొస వణికింది. కుడికి. ఎడమకు. ఆగదు.

పంది తల ఎత్తింది. చూసింది. వాళ్ల వైపే తిరిగింది.

"అమ్మీ," అన్నాడు పెదవులతో, శబ్దం లేకుండా. "పేలుతాదా?"

తెలియదు.

అదీ నిజం. మందు కాలింది, చూసింది. మెడ జారింది, చూసింది. కానీ తూటా పెట్టి తుపాకి కాల్చి చూడలేదు. పేలకపోతే... ఈసారి తొడతో పోదు. నాయన పోతాడు. పేలుతుందని చెప్పిన పాపానికి ఆమె బతికినంత కాలం ఆ తుస్సు వింటూ ఉండాలి. ఇప్పుడే చేయి పట్టుకుని లాగితే పరుగెత్తొచ్చు. కుంటికాలైనా గుడిదాకా పోవచ్చు. రేపు సంత. తుపాకి పోతుంది. చేను పోతుంది. నాయన మిగులుతాడు — ఏడాదిగా మిగిలినట్టు.

పంది గిట్టలు నేలను తన్నాయి.

"పేలుతాది నాయనా."

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఇశ్రాయేలు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పక్కకు తిరిగి కూతురి ముఖం చూశాడు. మళ్లీ ముందుకు తిరిగాడు.

తుపాకి కొస ఆగింది.

పంది దూకింది.

ఉరిమింది! నల్లమల అంతా ఉరిమింది! ఆ కొండ ఈ కొండకు చెప్పింది, ఈ కొండ ఇంకో కొండకు చెప్పింది. పక్షులు లేచాయి. ఊరి కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. తెల్లటి పొగ గోడలా లేచి చేనును కమ్మేసింది — పంది లేదు, కంప లేదు, కొండ లేదు. యేసుమణి చెవుల్లో హోరు. నోట్లో గంధకం కారం. తను అరుస్తోందని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు. పేలింది! పేలింది! పేలింది నాయనా!

పొగ వెనక ఏదో కూలినట్టుంది. ఏదో పరుగెత్తినట్టూ ఉంది. ఒకటేనా, ఇంకా ఉన్నాయా... కనబడదు.

ఇశ్రాయేలు పొగ మీంచి కళ్లు తిప్పలేదు. కింద పిడి లాగాడు. వేడి గొట్టం ఎగిరి రాళ్ల మీద టంగుమంది. అతను తల తిప్పకుండానే చేయి వెనక్కి చాచాడు. అరచేయి పైకి.

"ఇంకోటియ్యి అమ్మీ."

ఆ గొంతులో నవ్వు ఉంది.

యేసుమణి తూటాను ఆ అరచేతిలో పెట్టింది. పొగ ఇంకా విడలేదు.